నటుల జీవితచరిత్రలలో లోపించినదేమి?

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, కొత్తగూడెపు బొగ్గుగనుల వైపునకు శాఖ చీలుచోట మా డోర్నకల్ ఉన్నది. జంక్షను గల ఊరిలో బండికొరకు వేచియుండుట నిత్యకృత్యము. వేచియుండు వేళ ఏదో ఒక పుస్తకము తెరచుట ఉపాధ్యాయుడనైన నాకు చిరకాలపు అలవాటు. ఆ విధముగా నేను చదివిన పుస్తకములలో చలనచిత్ర నటుల జీవితచరిత్రలు తక్కువ కాదు. వాటిని గూర్చి ఒక మాట చెప్పవలెనను కోరిక మాత్రము నాకు స్వయముగా కలిగినది కాదు. ఒక విద్యార్థి కలిగించినాడు.

గత సంవత్సరము మా పాఠశాలలో ఆగస్టు పదునైదవ తేదీన పిల్లలొక చిన్న నాటకము ప్రదర్శించిరి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు రెండవ రంగమున తన మాట మరచి, నిలువునా నిలిచిపోయెను. తెర వెనుక నుండి అందించిన మాటయు వాని చెవి కెక్కలేదు. సభలోని వారు నవ్విరి. ఆ తరువాత వార్షికోత్సవమున వ్యాసరచనలో వానికే ప్రథమ బహుమతి వచ్చెను. బహుమతి గ్రంథములు కొని తెచ్చు పని నాది. నాటకమన్న వానికి గల మక్కువ నెరిగినవాడను గనుక, సుప్రసిద్ధుడైన ఒక చలనచిత్ర నటుని జీవితచరిత్రను వానికై ఏరి తెచ్చితిని. అట్టచిత్రము అందముగా ఉన్నది. లోపల బొమ్మలు చాల ఉన్నవి. మంచి బహుమతి ఇచ్చితినని సంతోషించితిని.

వారము దినముల తరువాత వాడు ఆ పుస్తకము పట్టుకొని ఉపాధ్యాయుల గదికి వచ్చెను. “సార్, ఈయన గొప్ప నటుడని పేజి పేజికి ఉన్నది. గొప్పగ నటించుడు ఎట్ల నేర్చుకున్నడో ఒక్క పేజీల గూడ లేదు” అనెను. కొంచెమాగి, నేల చూచుచు, “ఈయన మాట మరిచిపోయిన రోజు ఒక్కటి గూడ లేదా, సార్?” అని అడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి ఆ గ్రంథమును మరల మొదటి నుండి చదివితిని. బాలుడు చెప్పినది నిజము. అందు ఆ నటుడు తడబడిన దినము లేదు. ఎవరి యొద్దనో కూర్చుండి నేర్చుకొన్న దినము లేదు. చేసిన పని బాగుండలేదని తనపై తాను కోపగించుకొన్న దినము లేదు. ఆయన పుట్టెను, వెంటనే గొప్పవాడయ్యెను. నడుమ ఏమి జరిగినదో చెప్పవలసిన గ్రంథము, నడుమ ఏమియు జరుగలేదన్నట్లు సాగిపోయినది.

ఇట్టి గ్రంథముల కట్టడ మనకు సుపరిచితమే. మొదట పెద్దల సందేశములు. పిదప వంశవర్ణనము. బాల్యమున ఆ బాలుడు అద్దము ముందు నిలిచి పద్యములు చదివినప్పుడే ఇరుగుపొరుగు వారు “వీడు మహానటుడగును” అని పలికిరట. తరువాత అదృష్టము ఏదో ఒక రూపమున ఎదురుపడును. అక్కడ నుండి చిత్రముల పట్టిక, బిరుదముల పట్టిక, సన్మానముల పట్టిక. చివర “ఆయన లేని లోటు తీరనిది” అను వాక్యము. వ్యక్తి పేరు మార్చినచో ఒకరి చరిత్ర మరియొకరికి సరిపోవును. ఒకరి చొక్కా ఊరందరికి సరిపోయినచో అది కొలతలు తీసి కుట్టిన చొక్కా కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి పుస్తకములను మెచ్చని మిత్రులు కొందరు వేరొక కారణము చెప్పుదురు. నటుని రహస్యములను దాచిపెట్టుటయే వీటి లోపమట. అతని ఇంటి కలహములు, ప్రేమలు, అప్పులు బయటపెట్టినచో గ్రంథము రక్తి కట్టునట. నేనీ మాట నంగీకరింపను. పొగడ్తతో నిండిన గ్రంథమునకును, గుట్టు విప్పు గ్రంథమునకును పైకి ఎంత భేదమున్నను, లోపలి లోపమొక్కటే. మొదటిది నటుని గుడిలో నిలుపును. రెండవది వీధిలో నిలుపును. అతడు పని చేసిన చోట ఎవరును నిలుపరు. నా అభిప్రాయమును ఒక్క వాక్యమున చెప్పెదను: నటుని జీవితచరిత్ర మనలను నిరాశపరచుట అందు రహస్యములు లేకపోవుటచేత కాదు, అందు పని లేకపోవుటచేత.

దీనికి సావిత్రి జీవితమును మించిన నిదర్శనము మనకు లేదు. ఆమెను గూర్చి తెలుగులో వ్రాసినంత విరివిగా మరియే నటిని గూర్చియు వ్రాసి యుండరు. 2018వ సంవత్సరమున వచ్చిన ‘మహానటి’ చిత్రము వలన, ఆమె మరణానంతరము పుట్టిన పిల్లలకు కూడ ఆమె కథ తెలిసినది. అయినను ఆ కథలో జనులకు తెలిసిన భాగమేది? ఆమె ప్రేమ, ఆమె వివాహము, ఆమె దానగుణము, ఆమె పోగొట్టుకొన్న ధనము, ఆమె వ్యసనము, నెలల తరబడి స్మృతి లేక పడియుండి 1981 డిసెంబరు 26వ తేదీన ఆమె కన్నుమూసిన విధము. ఇవన్నియు నిజములే, విన్నవారి కన్నులు చెమ్మగిల్లును. కాని ఇట్టి కష్టములు పడిన స్త్రీలు లోకమున ఎందరో ఉన్నారు. వారిలో ‘దేవదాసు’ చిత్రపు పార్వతి కాగలిగినది ఒక్కరే. ఆ ఒక్కరు ఎట్లు కాగలిగిరను ప్రశ్నయే జీవితచరిత్రకు ప్రాణము.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దారి లేకపోలేదు. 1950లో వచ్చిన ‘సంసారం’ చిత్రమునకు సావిత్రి తొలుత ముఖ్యపాత్రకే ఎన్నుకొనబడినది. కెమెరా ముందు తడబడుటచేత ఆ పాత్రను కోల్పోయి, అదే చిత్రమున ఒక చిన్న వేషముతో తృప్తిపడినది. 1951లో ‘పాతాళభైరవి’లో ఒక నృత్యమున కనబడినది. 1952లో ‘పెళ్ళిచేసి చూడు’. 1953లో ‘దేవదాసు’. తడబడి పాత్ర పోగొట్టుకొన్న బాలికకును పార్వతికిని నడుమ మూడేండ్లు మాత్రమే ఉన్నవి. ఆ మూడేండ్లలో ఆమె ఏమి చేసినది? ఎవరిని చూచి నేర్చినది? ఏ దర్శకుడు ఏ దోషమును దిద్దినాడు? నాట్యము నేర్చిన దేహము కన్నులతో మాటలాడుట ఎప్పుడు నేర్చినది? ఈ మూడేండ్లకు మూడు ప్రకరణములు కేటాయించిన గ్రంథమైనచో, నేను దానిని మా బడిలోని ప్రతి తరగతికిని ఒక్కొక్క ప్రతి కొని యిత్తును. సాధారణముగా ఈ మూడేండ్లకు దక్కునది రెండు పుటలు.

ఇంకొక ఉదాహరణము. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను చూడనివారు తెలుగువారిలో అరుదు. అందు ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించును. అనగా, సావిత్రి శశిరేఖగా నటించుటయే గాక, శశిరేఖ దేహములో నున్న ఘటోత్కచునిగా కూడ నటింపవలసి వచ్చెను. ఎదుట ఎస్.వి. రంగారావు వంటి నటుడు ఆ రాక్షసుని నడకను, చూపును, ధిక్కారమును ఒక అచ్చులో పోసి ఉంచినాడు. ఆ అచ్చును సుకుమారియైన కన్య దేహములోనికి దించవలెను. దించినను ఆ కన్య అందము చెడరాదు. చూచువారు నవ్వవలెను గాని వెగటు పడరాదు. ఇది ఎంత కఠినమైన పనియో నాటకములో ఒక్కమారు వేషము వేసిన వానికి తెలియును. ఆమె ఆ నడకను ఎన్నిమారులు అభ్యసించినదో, కె.వి. రెడ్డి ఏమి చెప్పినాడో, మార్కస్ బార్ట్లే కెమెరా ఆమె కదలికను ఏ దూరమున నుండి చూచినదో విచారించు గ్రంథము మనకు కావలెను. “ఆమె అద్భుతముగా నటించినది” అని వ్రాయుట సులభము. ఆ వాక్యము చిత్రము చూచిన ప్రతివాడును చెప్పగలడు. దానికొరకు గ్రంథము కొననక్కరలేదు.

అట్లే 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించినది. ఆ చిత్రమునకు ముఖ్య శాఖలలో పనిచేసినవారు అధికముగా స్త్రీలే. ఆ కాలమున అదొక సాహసము. చిత్రము ధనము తేలేదు గనుక అది ఆమె పతనకథలో ఒక మెట్టుగా మాత్రమే మనకు కనబడుచున్నది. దర్శకురాలిగా ఆమె ఏమి చేయజూచినదను మాట వెనుకబడిపోయినది. నష్టమును లెక్క పెట్టువారు పనిని లెక్క పెట్టలేదు.

రైల్వే జంక్షనులో నివసించువాడను గనుక, నాకు మిక్కిలి ఆసక్తి కలిగించు మరియొక కథ అక్కినేని నాగేశ్వరరావుది. ఘంటసాల బలరామయ్య బెజవాడ రైల్వేస్టేషనులో ఆ యువకుని చూచి, ‘శ్రీ సీతారామ జననం’ చిత్రమునకు రామునిగా ఎన్నుకొన్న వృత్తాంతము తెలుగు దేశమున అందరు నెరిగినదే. ఆ చిత్రము 1944లో వచ్చినది. ఈ వృత్తాంతము వినునప్పుడెల్ల, మా ఊరి ప్లాట్‌ఫారముపై కూర్చుండు పిల్లలు తమ ఎదుటను ఒక బలరామయ్య బండి దిగునని కలలు కందురేమోనని నాకనిపించును. వారికి చెప్పవలసిన మిగిలిన సగమును జీవితచరిత్రలు బిగ్గరగా చెప్పవు. బలరామయ్య చూచునాటికి ఆ యువకుడు చిన్ననాటి నుండి నాటకములలో స్త్రీపాత్రలు ధరించి పేరు గడించినవాడు. 1941లో వచ్చిన ‘ధర్మపత్ని’ చిత్రమున ఒక చిన్న వేషము వేసినవాడు. ప్రాథమిక విద్యతో చదువు చాలించి, రాత్రులు రంగస్థలముపై గడపినవాడు. స్టేషనులో దొరకినది అదృష్టము కావచ్చును. కాని ఆ అదృష్టము వచ్చి చూచునప్పటికి చూపదగిన పని అతని యొద్ద ఉన్నది. ప్లాట్‌ఫారముపై గడచిన కొన్ని నిమిషములకు పది పుటలు, రంగస్థలముపై గడచిన అన్నియేండ్లకు పది వాక్యములు ఇచ్చు గ్రంథము బాలునికి అబద్ధము చెప్పకయే అసత్యము బోధించుచున్నది.

రంగారావు జీవితములోను ఇట్టి వ్రాయని పుటలున్నవి. ఆయన తొలి చిత్రము ‘వరూధిని’ విఫలమయ్యెను. పిదప ఆయన జంషెడ్‌పూరులో ఉద్యోగమునకు పోయెను. 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడై తెలుగుదేశము నంతను గడగడలాడించిన మనిషి, అంతకు కొలది ఏండ్ల ముందు సినిమా తనకు దక్కదని తలచి ఒక కార్యాలయపు కుర్చీలో కూర్చున్నాడు! ఆ కుర్చీలో కూర్చున్ననాటి అతని మనస్సు నాకు కావలెను. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ‘నర్తనశాల’ కీచకపాత్రకు ఆయనకు లభించిన బహుమానము అందరు వ్రాసినదే. ఆ బహుమానమునకు విలువ తెచ్చునది జంషెడ్‌పూరు కుర్చీయే గాని, జకార్తా వేదిక కాదు. అదే ‘నర్తనశాల’లో బృహన్నల పాత్ర కొరకు నందమూరి తారక రామారావు నలుబది యేండ్లకు చేరువైన వయస్సున కూచిపూడి నాట్యమును అభ్యసించెను. అప్పటికే ఆయన తెలుగు తెరకు రాముడు, కృష్ణుడు. దేవుడని జనులు మ్రొక్కుచున్న మనిషి, ప్రతి ఉదయమును శిష్యుడై గురువు ఎదుట అడుగులు వేయుట ఎట్టి దృశ్యము! ఆయన రాజకీయ విజయములను వర్ణించు పుటల మధ్య ఈ దృశ్యమునకు ఒక ప్రకరణము దొరకదా?

మా ప్రాంతమునకు సమీపముననే, కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు కథయు ఆలోచింపదగినది. జానపద చిత్రములలో కత్తి పట్టి ‘కత్తి కాంతారావు’ అనిపించుకొన్నాడు. ‘లవకుశ’లో లక్ష్మణుడైనాడు, పలు చిత్రములలో నారదుడైనాడు. 1969లో ‘సప్తస్వరాలు’, ‘గండరగండడు’ చిత్రములను తానే నిర్మించినాడు. చిత్రనిర్మాణమున సంపాదించినది చాలవరకు పోగొట్టుకొన్నాడు. 2009లో హైదరాబాదులో కన్నుమూసినాడు. ఈయనను గూర్చి వ్రాయువారు రెండే మాటలు పట్టుకొందురు: వెండితెర రాకుమారుడు, చివరి దినముల దారిద్ర్యము. ఒకటి మెరుపు, మరియొకటి చీకటి. ఈ రెండిటి నడుమ, కత్తి తిప్పుట ఎక్కడ నేర్చినాడు? గాయపడినాడా? ఉదయము రాకుమారుడై కత్తి పట్టిన చేతితో సాయంకాలము నారదుని మహతి పట్టుట కెట్టి మనోనియమము కావలెను? తెలంగాణ పల్లె నుండి మద్రాసు చేరిన వాని పలుకును అక్కడివారు ఎట్లు విన్నారు? ఇవి అతని వృత్తిని గూర్చిన ప్రశ్నలు. వీటికి సమాధానము దొరకినచో అతని దారిద్ర్యము కేవలము జాలికథ కాక, ఒక కార్మికుని జీవితమున జరిగిన అన్యాయముగా మన కర్థమగును.

జీవితచరిత్రకారుని పక్షమున చెప్పవలసినది కూడ కలదు. సినిమా ఒక్కని పని కాదు. తెరపై పెదవి కదలునది నటునిది, గొంతు ఘంటసాలది. కన్నీటి చుక్కపై మెరసిన వెలుగు కెమెరామనిషిది. మాట పింగళి నాగేంద్రరావుది. ఇందు నటుని పాలు ఎంతయో విడదీయుట మిక్కిలి కష్టము. అదియును గాక, ఆధారములు నశించినవి. మన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ చిత్రపు ప్రతియే నేడు లేదు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దముల తరబడి అందరు వ్రాసిరి, ఉత్సవములు చేసిరి. రెంటాల జయదేవ ఆ కాలపు పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెనని నిరూపించిరి. ఒక పరిశ్రమ తన జన్మదినమునే తప్పుగా జరుపుకొన్నదనినచో, అందలి వ్యక్తుల జీవితములను గూర్చి చెప్పవలసినదేమున్నది? సావిత్రి జన్మసంవత్సరమే ఒక్కొక్క గ్రంథమున ఒక్కొక్క విధముగా కనబడును. ఒకరు వ్రాసినది మరియొకరు చూచి వ్రాయుదురు. పది పుస్తకములు ఒకే తప్పును చెప్పగా, తప్పు సాక్ష్యబలము గల సత్యమైపోవును. కాని జయదేవ చేసిన పని ఒక సంగతి నిరూపించుచున్నది. వెదకినవానికి దొరకును. పాత పత్రికలున్నవి, పాటల పుస్తకములున్నవి, ‘రూపవాణి’ వంటి మాసపత్రికల సంచికలున్నవి, 1966లో ప్రారంభమైన ‘విజయచిత్ర’ సంచికలున్నవి.

సినిమాను క్షణకాలము విడిచి మా ఊరి వైపు చూతము. జీవితచరిత్ర యనునది ఎట్లు ఎదుగునో తెలుపు నిదర్శనము మా డోర్నకల్‌లోనే ఉన్నది. ఇచటి ఎపిఫనీ దేవాలయమును చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చుచుందురు. హిందూ, ముస్లిము శిల్పరీతులను కలుపుకొని నిర్మింపబడి, 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ మందిరము వేదనాయగం శామ్యూల్ అజరయ్యది. తిరునెల్వేలి ప్రాంతమున పుట్టిన ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పై డోర్నకల్ పీఠమెక్కెను. 1945 జనవరి 1న ఇచటనే మరణించెను. ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే, ఆయనను సన్నిహితముగా ఎరిగిన కేరల్ గ్రేహం ఆయన జీవితచరిత్రను ప్రకటించెను. అది భక్తితో, ప్రేమతో వ్రాసినది, అట్లుండుట సహజము. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 2000వ సంవత్సరమున, సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ అను చరిత్రకారిణి మరియొక గ్రంథమును ప్రకటించెను. మతాంతరీకరణ విషయమున అజరయ్యకును గాంధీమహాత్మునికిని కలిగిన తీవ్రమైన విభేదము ఆ గ్రంథమునకు కేంద్రము. ఇద్దరును గొప్పవారే, ఇద్దరును ఒకరితో ఒకరు ఏకీభవింపలేదు. ఈ సంగతి దాచనందువలన అజరయ్య చిన్నవాడు కాలేదు. మొదటి గ్రంథము ఆయనను ప్రేమించుటకు పనికివచ్చును. రెండవది ఆయనను అర్థము చేసికొనుటకు పనికివచ్చును. మన నటుల విషయమున మొదటి రకపు గ్రంథముల దగ్గరనే మనము ఆగిపోయితిమి. నటుడు పోయి అర్ధశతాబ్దము గడచినను, మరునాడు వ్రాసిన సంతాపవ్యాసమే ఇంకను అచ్చగుచున్నది.

ఇది మన ఒక్కరి లోపము కాదు. లోకమున చార్లీ చాప్లిన్‌ను మించి ప్రసిద్ధుడైన నటుడు లేడు. 1964లో ఆయన తన ఆత్మకథను ప్రకటించెను. లండను పేదవాడలలో తల్లితోను అన్నతోను గడపిన బాల్యమును ఆయన వర్ణించిన భాగము చదివినవాడు మరువలేడు. కాని కీర్తి వచ్చిన తరువాతి భాగమున ఆయన కలసికొన్న ప్రముఖుల పేర్లు బారులు తీరినవి. చిత్రములు ఎట్లు తీసినాడో చెప్పు పుటలు బహు స్వల్పము. ఆయన మరణానంతరము, 1983లో, కెవిన్ బ్రౌన్లో, డేవిడ్ గిల్ అనువారు చాప్లిన్ పారవేసిన ఫిలిం ముక్కలను సేకరించి లోకమునకు చూపిరి. ‘సిటీ లైట్స్’ చిత్రమున అంధురాలైన పూలమ్మి అతనికి పూవు అందించు ఒక్క సన్నివేశమును ఆయన వందలకొలది మారులు తీసెనని అప్పుడు లోకమునకు తెలిసినది. 1985లో డేవిడ్ రాబిన్సన్ చాప్లిన్ స్టూడియో కాగితములను ఆధారము చేసికొని జీవితచరిత్ర వ్రాసెను. తన పనిని గూర్చి నటుడు తానుగా చెప్పనిదానిని, అతడు పారవేసిన ముక్కలు చెప్పినవి! కీర్తి అంత చెడ్డది: అది తన వెనుకనున్న చెమటను మొదట తుడిచివేయును.

మన భాషలో మంచి మాదిరులు లేవని నేననను. రంగస్థలముపై సత్యభామగా ప్రసిద్ధికెక్కిన స్థానం నరసింహారావు ‘నటస్థానం’ అను గ్రంథమున తన పాత్రలను గూర్చి తానే చెప్పినాడు. పురుషుడు స్త్రీపాత్రను ధరించుట ఎంతటి పరిశీలనమును కోరునో తెలియగోరువారికి అది పాఠ్యగ్రంథము. ‘అత్తగారి కథలు’ వ్రాసిన భానుమతి తన జీవితమును ‘నాలో నేను’ అని తన కంఠముతోనే చెప్పుకొన్నది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తాను నటుడై యుండియు, తన ముందుతరముల రంగస్థల నటులను వెదకి ‘నటరత్నాలు’ కూర్చినాడు. ఈ గ్రంథముల నుండి మనము నేర్వవలసిన పాఠ మొక్కటే. నటుడు కూడ కుమ్మరివలె, నేతగానివలె, ఉపాధ్యాయునివలె పని చేసి బ్రతుకువాడు. అతని పనిముట్టు అతని దేహమే. ఆ పనిముట్టును అతడు ఎట్లు పదును పెట్టుకొన్నాడో చెప్పనిది అతని చరిత్ర కాదు.

ఇందు ఉపాధ్యాయులకు ఏమి సంబంధమని అడుగవచ్చును. చాల సంబంధమున్నది. పిల్లలు పాఠ్యపుస్తకముల కంటె నటుల కథలనే ప్రీతితో చదువుదురు. ఆ కథలలో గొప్పతనము పుట్టుకతోనో అదృష్టముతోనో వచ్చునదిగా కనబడినచో, మనము తరగతిలో చెప్పు ‘అభ్యాసము కూసువిద్య’ అను సామెత వారికి వట్టిమాటగా తోచును. ఒక్కమారు తడబడిన పిల్లవాడు తన నుదుట అది వ్రాయబడలేదని వెనుకకు మరలును. కావున, పుస్తకము కొనునప్పుడు మనము వెల చూచినట్లే, అందు నటుడు ఓడిన దినమొకటియైనను ఉన్నదో లేదో తిరగవేసి చూడవలెను.

చదువుటయే గాక వ్రాయించుట కూడ మన చేతిలోని పనియే. మన పల్లెలలో చిందు భాగవతులున్నారు, ఒగ్గుకథకులున్నారు. వేసవి సెలవులలో ప్రతి విద్యార్థిని ఒక వృద్ధకళాకారుని యొద్దకు పంపుదము. “మీకెన్ని సన్మానములు జరిగినవి?” అని అడుగవలదని చెప్పుదము. “తాతా, మొదటి వేషం ఎప్పుడు కట్టినవు? నీకు ఎవరు నేర్పిండ్రు? ఎక్కడ తప్పిపోయినవు? తప్పినంక ఏం చేసినవు?” అని అడిగి వ్రాసికొని రమ్మందము. ఆ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసిన పిల్లవాడు, రేపు పెద్దవాడై ఒక మహానటుని చరిత్ర వ్రాసినచో, మనకు నిరాశ కలుగదు.

నాకు పుస్తకమును తిరిగి తెచ్చి యిచ్చిన బాలునికి మరునాడు నేను ‘సంసారం’ చిత్రమున పాత్ర పోగొట్టుకొన్న సావిత్రి కథ చెప్పితిని. వాడు నమ్మలేదు. “సావిత్రమ్మనా?” అని రెండుమారులు అడిగెను. తరువాత తనలో తాను నవ్వుకొనుచు తరగతికి పోయెను. ఈ సంవత్సరపు నాటకమునకు వాడు మరల పేరు ఇచ్చినాడు. చిన్న వేషమే, ఆరు మాటలున్నవి. సాయంకాలము బడి విడిచిన పిదప ఆ ఆరు మాటలను వరండాలో నడచుచు వల్లించుచున్నాడు.

వార్షికోత్సవము మరల సమీపించుచున్నది. బహుమతి గ్రంథములు కొను పని ఈ యేడును నాదే. వానికి ఇవ్వదగిన నటుని జీవితచరిత్ర కొరకు నేనింకను వెదకుచున్నాను.